మూఢంలో మోగని డోలు

పరబ్రహ్మం గారు ఏ ప్రశ్నకూ సూటిగా జవాబు చెప్పే ప్లీడరు కాదు. ఆయన దగ్గర ఇరవై రెండేళ్ళు గుమాస్తాగిరీ వెలగబెట్టాను, నాకు తెలియదూ! చట్టం అడిగితే కథ చెబుతారు, కథ అడిగితే కాఫీ తెమ్మంటారు.

ఆ రోజు జూనియర్ మృదుల ఒక ఫైలు పట్టుకుని వచ్చింది. మా కోర్టు గేటు పక్కన చెరుకురసం అమ్మే సామ్రాజ్యం అనే ఆవిణ్ణి ఆటో గుద్దితే కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. ఆ కేసు.

"బీమా కంపెనీ వాళ్ళు వానాకాలంలో వచ్చి విచారించి, బండికి బేరమే లేదని రాసుకుపోయారు సార్. జీతం చీటీ లేదు, రసీదు లేదు. పోయిన సంపాదన ఎంతని లెక్క కట్టాలి?" అని అడిగింది.

ఆయన కళ్ళజోడు తీసి, డోలు కోటిలింగం కేసు ఎత్తుకున్నారు. నేను తలొంచుకున్నాను. అందులో నా నిర్వాకమూ ఉంది మరి.

కోటిలింగం పెళ్ళిళ్ళకు డోలు వాయించేవాడు. ఆ ఏడు మూఢమూ ఆషాఢమూ కలిసొచ్చి మూడు నెలలు ముహూర్తాలే లేవు. శ్రావణంలో మొదటి పెళ్ళికి మోపెడ్ మీద వెళుతుంటే లారీ గుద్దేసింది. కుడి మణికట్టు నుజ్జయింది, ఇక డోలు ముట్టే రాత లేదన్నారు డాక్టర్లు. బీమా కంపెనీ మనిషి ఊళ్ళోకొచ్చి, ప్రమాదానికి ముందు ఇతను ఏం చేసేవాడని అడిగాడు. "మూడు నెలలుగా అరుగు మీదే కూర్చున్నాడండీ" అన్నారు జనం. అబద్ధమేం కాదు. పనీపాటా లేని మనిషని రిపోర్టు తయారైపోయింది.

కూలీ అని రాస్తే ఎంతోకొంత రాలుతుంది గదా అని పిటిషన్‌లో నేనే అలా టైపు కొట్టించాను. కోటిలింగం అది చదివించుకుని, కాగితం తెచ్చి నా బల్ల మీద పడేశాడు. "కూలిపని తక్కువని కాదయ్యా. ఈ చెయ్యి ముప్పై ఏళ్ళు డోలు మీద ఆడింది. పైసా రాకపోయినా సరే, ఆ మాట కొట్టెయ్యి" అన్నాడు. ఇంట్లో బియ్యం నిండుకున్నవాడికి ఇంత పొగరా అని నాకు ఒళ్ళు మండింది.

కోర్టులో కంపెనీ తరఫున గరుడాచలం గారు లేచారు. "ఒక్క రసీదైనా ఉందా?"

"లేదండి."

"ప్రమాదానికి ముందు మూడు నెలల్లో ఎన్ని పెళ్ళిళ్ళకు వాయించావు?"

"ఒక్కదానికీ లేదండి."

"అంటే సంపాదన సున్నా!" అని ఆయన జడ్జిగారి వైపు తిరిగి నవ్వారు.

కోటిలింగం వంకరపోయిన చెయ్యి తీసి బోను కమ్మీ మీద పెట్టాడు. "తమరు అమ్మాయిగారి పెళ్ళి మూఢంలో చెయ్యలేదేం బాబూ? మాఘంలో చేశారు. ఆ రోజు నాకింకో రెండు పెళ్ళిళ్ళున్నాయంటే, మా అరుగు మీదే గంటసేపు కూర్చుని మరీ నన్ను ఒప్పించుకెళ్ళారు."

హాలంతా గొల్లుమంది. నిజమేనా అని అడిగారు జడ్జిగారు. గరుడాచలం గారు తలూపక తప్పలేదు. అప్పుడు మా పరబ్రహ్మం గారు లేచి, "డబ్బిచ్చినప్పుడు రసీదు తీసుకున్నారా?" అని మెల్లిగా అడిగారు.

"పెళ్ళిలో మేళగాణ్ణి రసీదు అడుగుతారటండీ ఎవరైనా!" అని కస్సుమన్నారు గరుడాచలం గారు. అనేశాక నాలుక కరుచుకున్నారు.

జడ్జిగారు పంచాంగం తెప్పించి, ఏడాదికి ముహూర్తాలెన్నో చూసి మరీ తీర్పు రాశారు. కోటిలింగం అంకె సంగతి అడగనైనా లేదు. 'డోలు విద్వాంసుడు' అని రాసిన చోట వేలుపెట్టి రెండుసార్లు చదివించుకున్నాడు. చదివింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

మృదుల ఇంతా విని, "అయితే నన్నూ పంచాంగం చూడమంటారా సార్?" అంది.

"పంచాంగం ఎందుకమ్మాయ్!" అన్నారు పరబ్రహ్మం గారు. "మొన్న వేసవిలో ఈ కోర్టులో ఎవరెవరికి దాహం వేసిందో పట్టీ రాయి. మొదట నా పేరు వేసుకో. ఆ తర్వాత జడ్జిగారి బంట్రోతుని పిలిచి, రోజూ ఆ బండి దగ్గర గ్లాసు పట్టుకుని ఎవరి గదిలోకి వెళ్ళేవాడో అడుగు."