ఎండ అనే దీపం

కాలేయం గురించి రాసేవాళ్ళ కోసం ఒక ఊళ్ళో మండపం ఉండేది. కాలేయానికొచ్చే ఒక్కో జబ్బుకీ అందులో ఒక్కో దీపం. ఎవరికి నచ్చిన దీపంలో వాళ్ళు నూనె పోసి, దాని కింద కూర్చుని రాసుకోవచ్చు.

రాసుకోవచ్చు గానీ, పెద్ద వెలుగులో రాసిందే నలుగురి కంటా పడుతుంది. ఆ రోజుల్లో అందరూ కాలేయానికి కొవ్వు పట్టే జబ్బు దీపంలోనే నూనె పోసి, ఆ కొవ్వు దీపం కిందే ఇరుక్కుని కూర్చునేవారు. పక్కాయన పేరు తన రాతలో వేస్తే ఆయనా తన పేరు వేస్తాడు కాబట్టి, ఆ ఇరుకు ఎవరికీ కష్టమనిపించేది కాదు. కామెర్ల దీపం మూలన వత్తి ఎండిపోయి ఉండేది.

ఒకరోజు చేపలమ్మే ఒకామె మొగుణ్ణి నడిపించుకుంటూ వచ్చింది.

"అయ్యా, ఈయన కళ్ళు పచ్చబడ్డాయి. మెతుకు ఇమడట్లేదు. బతుకుతాడో లేదో చూసి చెప్పండి."

పెద్ద పండితుడు ఆయన్ని దీపం కిందికి లాగి చూశాడు. ఆ వెలుగులో అక్కడున్న అందరి కళ్ళూ పచ్చగానే ఉన్నాయి.

"నావీ ఇలాగే ఉన్నాయి కదమ్మా. కొవ్వేమైనా ఉంటే చెప్పు, రాసుకుంటాం."

"కొవ్వా? ఈయనకి నడుం మీద పంచే నిలవట్లేదు బాబూ."

అందరూ నవ్వి మళ్ళీ రాతలో పడ్డారు. ఆ దీపం కింద ఈమధ్యే చోటు సంపాదించుకున్న వైద్యురాలు ఒకావిడ లేచింది. లేస్తే చోటు పోతుందని తెలిసే లేచింది. ఆయన్ని బయట ఎండలో నిలబెట్టి, కింది రెప్ప లాగి చూసింది. కన్ను పసుపు కొమ్ములా ఉంది.

"పసరు పోయించావా?"

"వాళ్ళూ వీళ్ళూ చెబితే పోయించానమ్మా."

"ఇక పోయించకు. నీళ్ళు కాచి ఇవ్వు. రోజూ నేనొచ్చి చూస్తా."

చూసింది. వానలు వెనకబట్టేసరికి ఆయన మళ్ళీ వల భుజానేసుకున్నాడు.

ఆమె అదంతా రాసి మండపంలో చదివింది.

"ఏ దీపం కింద చూశావు?" అన్నాడు పెద్ద పండితుడు. దీపం పేరు లేని రాత అక్కడ చెల్లదు.

"ఎండలోనండీ."

"ఆ పేరుతో మనకు దీపం లేదే."

రోగేమో బతికి తిరుగుతున్నాడు, కాదనడానికి లేదు. చాలాసేపు తర్జనభర్జన పడి, మండపం నడుమ కొత్త దీపం నిలబెట్టి, దానికి ఎండ అని పేరు పెట్టారు. గాలికి ఆరిపోకుండా తలుపులన్నీ మూశారు. మొదటి నూనె పోసే మర్యాద ఆమెకే ఇచ్చారు.

చప్పట్ల మధ్య ఆమె గిన్నె ఎత్తింది. అప్పుడే బయట ఎవరో తలుపు తట్టారు.

"అమ్మా, నేనే. ఈసారి మా చెల్లెలికి," అంటోంది చేపలామె గొంతు.

"గాలిలేమ్మా. నువ్వు నూనె పొయ్యి," అన్నాడు పెద్ద పండితుడు.

గిన్నె వంచిన చెయ్యి అలాగే ఆగింది. నూనె అంచుదాకా వచ్చింది.