దస్తగిరన్న పాడిన మైకు

"ఈ మైకుకు ఏం చేస్తే మీ టోన్ వస్తాది సార్?" అని మద్దిలేటి అడిగాడు. పార్శిల్ ఆఫీసులో గుమాస్తా, నాతోపాటు గుంతకల్లులో బర్నబాసు మాస్టరు దగ్గర మౌతార్గాన్ నేర్చుకుంటున్నాడు. అతను ఆ మాట అడగడం అది నాలుగోసారి. నేనూ ఒకప్పుడు అడిగినవాణ్ణే. పాటలు పాడే మైకును మాట స్పష్టంగా పలకడానికి చేస్తారు. దాంట్లో మౌతార్గాన్ ఊదితే కీచుమంటుంది. మాస్టరు వాయించేదేమో బ్లూస్, అంటే అమెరికాలో నల్లజాతివాళ్ళు తమ కష్టం చెప్పుకున్న సంగీతం. అది కీచుమంటే ఏం బాగుంటుంది? ఏడ్చి ఏడ్చి గొంతు పూడుకుపోయినట్టు రావాలి.

ఎప్పుడడిగినా "సాధన చెయ్ పో" అని తరిమే మనిషి ఆ రోజెందుకో కసురుకోలేదు. ఒంట్లో ఓపిక లేనట్టు కుర్చీలో వెనక్కి వాలి, తన ఆర్కెస్ట్రా రోజుల సంగతి ఒకటి చెప్పారు.

అప్పట్లో వాళ్ళ ఆర్కెస్ట్రాకు మంచి మైకు ఒక్కటే. దాంట్లోనే దస్తగిరన్న పాడేవాడు, దాంట్లోనే మాస్టరు ఊదేవారు. వయసులో పెద్దవాడైన దస్తగిరన్నే ఈయన్ని పెళ్ళిళ్ళకు వెంటబెట్టుకు తిరిగి స్టేజీ ఎక్కించాడు. ఒక మధ్యాహ్నం మాస్టరు ఎవరికీ చెప్పకుండా మైకు విప్పి లోపల చిన్న కండెన్సర్, అంటే సన్నటి పై శబ్దాన్ని కోసేసే కరెంటు బిళ్ళ, అతికించారు. కీచుదనం పోయింది. ఆ వారం ఆదోనిలో జనం ఈలలు వేసి మళ్ళీ వాయించమన్నారు.

అదే మైకులో దస్తగిరన్న పాట మసకబారింది. మాటలు తెలియడం లేదని జనం గొణిగారు. స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి కనుక తేడా ఆయనకు తెలియలేదు, వాళ్ళ మాటే నమ్మాడు. మిరియాల కషాయం తాగాడు, పెరుగు మానేశాడు, బళ్ళారి వెళ్ళి డాక్టరుకు చూపించుకున్నాడు. గొంతుకేం కాలేదన్నాడు డాక్టరు. డాక్టరుకేం తెలుసులే అనుకున్నాడు దస్తగిరన్న, పాపం. మాస్టరేమో ప్రతి ప్రోగ్రాంకూ ఈ ఒక్కసారికి వాయించుకుని తీసేద్దాంలే అనుకున్నారట. ఆరు నెలలకు దస్తగిరన్న ఆ మైకు ఈయన చేతిలోనే పెట్టి, "నా గొంతు పోయిందిరా. నువ్వన్నా పేరు తెచ్చుకో" అని స్టేజీ దిగిపోయాడు. ఆ తర్వాత ఇంట్లో కూడా కూనిరాగం తీయలేదు.

"మరి ఆయనకు చెప్పలేదా సార్?" అన్నాడు మద్దిలేటి.

"మూడు తూర్లు పోయినా వాళ్ళింటికి. పోయిన ప్రతిసారీ టీ ఇచ్చి, నీ వాయింపు వింటే కడుపు నిండుతాదిరా అనేవాడు. యాడ చెప్పేది? టీ తాగి వచ్చేసినా. పోయినేడు ఆయన చనిపోతే మట్టి చేసినారు. నాకూ ఈ మాట లోపలే మోసి మోసి విసుగొచ్చిందప్పా."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ ఆ టోన్ అంటే చెవి కోసుకున్నాను. నాలుగు మాటలు అనేద్దామనుకున్నాను కానీ, ఆ ముఖం చూస్తే నోరు రాలేదు. మద్దిలేటి మాత్రం కాసేపు తల గోక్కుని, "అయితే ఆ కండెన్సర్ నంబరు చెప్పరా సార్?" అన్నాడు. ఏం మనిషో!

మాస్టరు కళ్ళు మూసుకున్నారు.

"చెప్తా, రాసుకుందువు. ముందు ఇది చెప్పు. నీ మైకులో ఇంకెవరు పాడతారు?"