చిట్టిచింత పక్కన కొండ

అనగనగా ఒక అడవిలో ఒక తోట. మనుషులది కాదర్రా, జంతువులదే. దాని తోటమాలి తాబేలు తాత. తాతకి తొందరన్నది లేదు కదా, అందుకే పళ్ళెంలో పట్టేంత చెట్లని పెంచేవాడు. ముప్ఫై ఏళ్ళు కొమ్మలు కత్తిరించి, వేళ్ళు సరిచేసి, ఒక చింతచెట్టుని జానెడు ఎత్తులోనే ఉంచాడు. దాని పేరు చిట్టిచింత. చెట్టు జానెడే గానీ గర్వం మాత్రం బోలెడు.

ఒకరోజు తాత వాగులోంచి ఒక రాయిని దొర్లించుకొచ్చాడు. నల్లటి రాయి. పైనుంచి కిందికి ఒక తెల్లటి చార. దాన్ని చిట్టిచింత పళ్ళెంలోనే, పక్కన నిలబెట్టాడు.

జింక వచ్చింది. "అబ్బ! కొండమీంచి సెలయేరు దూకుతున్నట్టే ఉంది!" అంది. చిట్టిచింత ఆకులు ముడుచుకుంది.

కొంగ వచ్చింది. ఒంటికాలి మీద నిలబడి చాలాసేపు చూసింది. "కొండ పక్కన మహావృక్షం! ఎంత బాగుందో!" అంది. చిట్టిచింతకి 'కొండ' అన్న మాట ఒక్కటే వినిపించింది. అసూయ పుడితే చెవులు సగమే పనిచేస్తాయి మరి.

కోతి వచ్చింది. రాయిని ముద్దుగా నిమిరి, చెట్టుకేసి చూడకుండానే వెళ్ళిపోయింది.

చిట్టిచింతకి ఒళ్ళు భగ్గుమంది. "ముప్ఫై ఏళ్ళు కత్తిరింపులు భరించింది నేను! నిన్నగాక మొన్న వచ్చిన బండకా మెప్పులు?" అని రుసరుసలాడింది. రాయి ఎండలో తళతళా మెరిసింది. దాంతో ఇంకా మండింది.

ఇంతలో మర్నాడు ఏనుగురాజు వస్తున్నాడని కబురు. తోటలో ఒకే ఒక్క పళ్ళెం ఎంచుకుని తన కొలువు ముందు పెట్టుకుంటాడట. చిట్టిచింత చిన్నప్పటినుంచీ కలలు కన్నది ఆ చోటు కోసమే.

మర్నాడు తాత తల చిప్పలోకి లాక్కుని కునుకు తీస్తుంటే, చిట్టిచింత పందికొక్కుని పిలిచింది.

"ఒరేయ్, ఈ రాయిని తవ్వి అవతల పారెయ్యరా. నాకు కాసినవి రెండే కాయలు. రెండూ నీకే."

"ఆ రాయి నిన్నేం చేసిందే?" అంది పందికొక్కు.

"నా పక్కన ఉంది. అది చాలదూ?"

పందికొక్కు రాయిని తవ్వి, దారి పక్క బురదలోకి దొర్లించింది. కాయలు రెండూ తినేసి పోయింది.

ఏనుగురాజు వచ్చాడు. చిట్టిచింత నిటారుగా నిలబడింది. రాజు వంగి చూశాడు.

"ఇదేమిటి తాతా, ఈ మొక్క ఇలా గిడసబారిపోయింది? నీళ్ళు పొయ్యడం లేదా?"

తాత పళ్ళెంలో గుంట చూశాడు. కాయల్లేని కొమ్మ చూశాడు. ఆయనకంతా అర్థమైంది.

"దీని పక్కన ఒక కొండ ఉండేది ప్రభూ. కొండ ఉంటేనే ఇది మహావృక్షంలా కనిపిస్తుంది. దాన్ని ఇదే ఓర్చుకోలేకపోయినట్టుంది."

"పక్కనున్న రాయినే ఓర్చుకోలేనిది, నా కొలువులో ఇంకెవర్ని ఓర్చుకుంటుంది?" అని రాజు ముందుకు కదిలాడు. దారిలో బురదలో పడున్న రాయి కనబడింది. దాన్ని తొండంతో ఎత్తి, మురిసిపోయి, తనతో తీసుకెళ్ళాడు.

నాలుగు వానలు పడ్డాయి. ఒకరోజు కొంగ ఎగురుకుంటూ వచ్చింది.

"రాజుగారి కొలువు ముందు సంగతి విన్నావా చిట్టిచింతా? రాయికి అంటిన బురదలో ఏదో పిచ్చిమొక్క మొలిచింది. ఉన్నవి రెండే ఆకులు. అయినా ఆ కొండ పక్కన ఎంత పెద్ద చెట్టులా ఉందో! అందరూ దాన్నే చూస్తున్నారు."

చిట్టిచింత ఇక ఆపుకోలేక ఏడ్చేసింది. "తాతా, నాకు ఇంకో రాయి తెచ్చిపెట్టవూ?"

"తెస్తాలే అమ్మా. కానీ వాగు దూరం, నేనేమో తాబేలుని. అందాకా ఆ గుంటని చూసుకుంటూ ఉండు," అని తాత మెల్లగా బయల్దేరాడు.

నీతి: పక్కవాళ్ళని ఎవరైనా మెచ్చుకుంటే ఏడవకండి. వాళ్ళు పక్కన ఉండబట్టే మనం బాగా కనిపిస్తున్నామేమో!