అరచేతి తాళం

"ఈసారి డోలోత్సవానికి మృదంగం గవరయ్య వాయిస్తాడు" అన్నారు కూర్మదాసు గారు.

ఆ మాట విన్నాక వరాహాలుకి చాలాసేపు ఇంకేమీ వినిపించలేదట.

వరాహాలు మా అమ్మమ్మకి స్వయానా అన్నగారు. నాగావళి ఒడ్డున కూర్మదాసు గారి ఇంట్లో ఉండి మృదంగం నేర్చుకున్నాడు. పొద్దున్నే దీపానికి వత్తులు చేసుకుంటూ అమ్మమ్మ ఈ సంగతి చెప్పేది. పత్తి ఎంత మెల్లగా సాగేదో మాటా అంత మెల్లగా సాగేది. స్వామి దయవల్ల నాకింకా గుర్తుంది.

కూర్మదాసు గారిది భజన గోష్ఠి. అప్పటికే ఆయన బాగా పెద్దవారు, గొంతు సన్నబడిపోయింది. ఆ సన్నని గొంతు కోసమే జనం ముందుకి జరిగి జరిగి కూర్చునేవారు.

ఆ ఇంట్లో గవరయ్యతో సహా మిగతా శిష్యులకి ఒక అలవాటుండేది. భోజనాలయ్యాక మృదంగాలు లోపల పెట్టేసి, వీధరుగు మీద ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చునేవారు. ఒకడు అరచెయ్యి చాపుతాడు. రెండోవాడు ఆ చేతి మీద వేళ్ళతో తాళం వాయిస్తాడు. దెబ్బ గట్టిగా తగిలితే చాపినవాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. చెయ్యి వెనక్కి పోయిందంటే ఆట అయిపోయినట్టే. అరుగంతా ఒకటే నవ్వులు, ఎగతాళి.

వరాహాలు మాత్రం ఎన్నడూ ఆ అరుగెక్కలేదు. "చప్పట్లాడుకోడానికా నేనింత దూరం వచ్చింది?" అనేవాడు. తలుపు వేసుకుని ఒక్కడే సాధన చేసేవాడు. చెయ్యి బాగానే తిరిగింది. అతను వాయిస్తుంటే గోడ మీద దేవుడి పటాలు కదిలేవట. కానీ ఆ చప్పుడులో గురువుగారి పాట ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు.

"నా చేతిలో తప్పేముంది గురువుగారూ?" అని గవరయ్య పేరు విన్న ఆ రోజే అడిగాడు వరాహాలు.

ఆయన అతని బొటనవేలి వైపు చూశారు.

"అదేటి నాయనా, గుడ్డ కట్టుకున్నావు?"

"పిల్లికూన కరిచిందండీ."

"దానికేటి, కోపమొచ్చిందా?"

"లేదండీ. ఆడుకుంటూనే కరుస్తుంది. పాలు నేనే పడతాను, నా దుప్పట్లోనే పడుకుంటుంది. అయినా రక్తం వచ్చేలా కరుస్తుంది."

ఆ కూన సంగతి చెప్పాలి. మృదంగాల గదిలో, పాత తోలుపట్టీలు వేసే బుట్టలో పిల్లి పిల్లల్ని పెట్టింది. వాటిలో అన్నిటికన్నా చిన్నదాన్ని, కళ్ళు విప్పిన కొత్తలోనే వరాహాలు తన గదికి తెచ్చేసుకున్నాడు. మిగతావి దాని మీద పడి దొర్లుతున్నాయని, తొక్కేస్తున్నాయని జాలిపడ్డాడు. పత్తివత్తి పాలలో ముంచి నోటికందించి పెంచాడు. "ఆ జాలిలో ఏ కల్మషమూ లేదమ్మా" అని అమ్మమ్మ ఇక్కడ ఒక్క క్షణం వత్తి ఆపేది.

"దాన్ని తీసుకురా" అన్నారు గురువుగారు.

ఇద్దరూ మృదంగాల గదిలోకి వెళ్ళారు. ఆ గదికి పైన ఒక అద్దం పెంకు ఉండేది. దాంట్లోంచి ఎండ నేల మీద పళ్ళెంలా పడేది. తోలు వాసన, మృదంగానికంటించే రవ్వముద్ద పులిసిన వాసన. బయట లోకం ఎక్కడో దూరంగా ఉన్నట్టుండేదట ఆ గదిలో. ఎండ పళ్ళెంలో ధూళి బంగారంలా తేలుతోంది. దాని కింద పిల్లికూనలు ఆడుకుంటున్నాయి.

ఒకటి వీపు విల్లులా వంచి, అడ్డంగా గెంతుతోంది. ఇంకొకటి వెల్లకిలా పడి, నాలుగు కాళ్ళూ పైకెత్తి, రమ్మంటోంది. మూడోది తెగిపోయిన పట్టీ ముక్కని ఎలుక అనుకుందో ఏమో, పొట్ట నేలకానించి, పిరుదులు ఊపి, ఒక్క దూకు దూకింది. తల్లి కళ్ళు సగం మూసుకుని తోకకొస మాత్రం అటూ ఇటూ కదుపుతోంది. ఆ తోక మీదికి దూకిందొకటి. తల్లి పట్టించుకోలేదు.

గురువుగారు వరాహాలు చేతుల్లోంచి కూనని తీసుకుని ఆ వెలుగులో వదిలారు.

అది సంబరంగా పరిగెత్తింది. వెల్లకిలా పడుకున్నదాని చెవి పట్టుకుని కరిచింది. అది కీచుమంది. లేచి, నాలుగడుగులు అవతలికి పోయి, వీపు ఇటు పెట్టుకుని కాలు నాక్కోవడం మొదలుపెట్టింది. మనది రెండోదాని దగ్గరికి పోయింది. అదీ కీచుమని అవతలికి పోయింది. తల్లి దగ్గరికి పోయి తోక కరిచింది. తల్లి పంజాతో దాని తల నేలకి అదిమి, వదిలేసింది.

ఎండ పళ్ళెం మధ్యలో అదొక్కటే మిగిలింది.

"అదేం తప్పు చేసిందండీ? ఆడుకోడానికేగా వెళ్ళింది" అన్నాడు వరాహాలు. కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"ఇక్కడే ఉండనీ. రోజూ వచ్చి దాని నోటికి వేలందించి చూడు" అన్నారు గురువుగారు.

"మరి నా మృదంగం?"

ఆయన అప్పటికే గడప దాటేశారు.

వరాహాలు రోజూ వెళ్ళాడు. మొదట్లో వేలికి గుడ్డ మీద గుడ్డ. కూన రోజూ కరిచేది, రోజూ ఒంటరిదయ్యేది, మళ్ళీ వెళ్ళేది. ఆ గదిలో కూర్చుంటే అతనికి పొద్దెలా పోయేదో తెలిసేది కాదట. ఎండ పళ్ళెం మెల్లగా గోడ ఎక్కేది. తల్లి ఒకరోజు కీచురాయిని తెచ్చి వాటి మధ్య పెట్టి, తను వెనక్కి జరిగి కూర్చుంది. కూనలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ కుప్పలో ఏది తనదో వరాహాలు పోల్చుకోలేకపోయాడు. ఏదీ కీచుమనలేదు.

ఆ మధ్యాహ్నం వేలందించాడు. కూన నోరు తెరిచి గబుక్కున పట్టుకుంది. పళ్ళు చర్మాన్ని తాకాయి. తాకి, అక్కడ ఆగాయి. కూన అతని ముఖంలోకి చూసింది.

కూన తనంతట తాను వదిలేదాకా వరాహాలు వేలు తీసుకోలేదు. తరవాత లేచి తిన్నగా అరుగు మీదికి వెళ్ళాడు.

"ఓలమ్మో, దొరగారు అరుగెక్కారర్రా! పీటెయ్యండి!" అన్నాడు గవరయ్య.

వరాహాలు తలొంచుకుని అతని ఎదురుగా కూర్చున్నాడు. "ఓసారి చెయ్యి చాపవా?"

గవరయ్య చాపాడు. రెండు దెబ్బలు పడ్డాయో లేదో చెయ్యి లాగేసుకున్నాడు. "అబ్బ! ఇది చెయ్యిరా బాబూ, పనసదుంగ కాదు!" విదుల్చుకుంటూ లేచిపోయాడు. అందరూ నవ్వారు. వరాహాలు ఒక్కడే మిగిలాడు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. "వచ్చాడర్రా, చేతులు దాచుకోండి!" అనేవారు. అతనికీ నవ్వొచ్చేది. ఒకనాడు వాయిస్తూ వాయిస్తూ గవరయ్య చెయ్యి వెచ్చగా ఉందని గమనించాడు. వేళ్ళు వాటంతటవే తేలికపడ్డాయి. గవరయ్య చెయ్యి లాక్కోలేదు. రెండో చేత్తో వరాహాలు మోకాలి మీద మెల్లగా బదులు వాయించాడు. పొద్దు వాలేదాకా అలా ఒకరినొకరు పలకరించుకుంటూనే ఉన్నారట.

డోలోత్సవం నాడు పొద్దున్నే వీధంతా గులాల్ రంగు. గురువుగారు స్నానం చేసి, నామం పెట్టుకుని మృదంగాల గదిలో కూర్చున్నారు. ఆయన పంచె కొంగులో దూరి కూనలు దొంగాట ఆడుతున్నాయి. వరాహాలు దణ్ణం పెట్టుకోడానికి వెళ్ళాడు. మృదంగం మాట ఎత్తలేదు.

గురువుగారు తన అరచెయ్యి చాపారు.

ముడతలు పడ్డ చెయ్యి. తామరాకులా పల్చగా ఉంది. వరాహాలు కళ్ళు మూసుకుని స్వామిని తలుచుకుని మొదలుపెట్టాడు.

కాసేపటికి ఆ చేతి తాళం మీదే ఆయన పాట ఎత్తుకున్నారు. అంత సన్నని గొంతూ గదంతా నిండింది. కూనలు ఎండ పళ్ళెంలో ఆట ఆపి, చెవులు ఇటు తిప్పాయి.

భుజాన మృదంగంతో గుమ్మంలో నిలబడ్డ గవరయ్య కాసేపు విన్నాడు. తరవాత చప్పుడు కాకుండా వచ్చి, మృదంగం దించి వరాహాలు పక్కన పెట్టాడు. చెవి దగ్గర వంగి, "గట్టిగా కొట్టావంటే నేనే కరుస్తాన్రోయ్" అన్నాడు.

వరాహాలు మృదంగం వైపు చూశాడు. గురువుగారి వైపు చూశాడు.

పాట ఇంకా సాగుతూనే ఉంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.