కరుకమ్మ పళ్ళ పంతం

ఒకప్పుడు సొరచేప నోట్లో ఒక్కటంటే ఒక్కటే వరస పళ్ళుండేవి. చిన్నప్పుడు వచ్చిన పన్ను చచ్చేదాకా ఉండాల్సిందే. ఊడిందా, ఇక బోసినోరే గతి! అందుకని సొరలన్నీ పళ్ళను ప్రాణంలా చూసుకునేవి. గట్టి గుల్లలు కనిపిస్తే పక్కకు తప్పుకునేవి.

దానికీ ముందు సముద్రుడు జలచరాలన్నిటినీ పిలిచి ఎముకలు పంచాడు. సొరల వంతు వచ్చేసరికి అవి మూతి ముడిచాయి.

"అబ్బే, ఈ బరువు మోసుకుంటూ ఎవరీదుతారు? మాకు మెత్తనివియ్యి తాతా!"

"సరే, తర్వాత ఏడవకూడదు మరి" అన్నాడు సముద్రుడు.

మీ చెవి అంచు పట్టుకుని వంచి చూడండి, వంగుతుందా? అలాంటి ఎముకలిచ్చాడు వాటికి. సొరలు వాటితో బాణాల్లా దూసుకుపోయాయి. ఆ సంబరంలో వెనకాముందూ ఆలోచించలేదు.

సముద్రం అడుగున బురదవ్వ ఉండేది. చచ్చినవాళ్ళ ఎముకల్ని ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా నొక్కి నొక్కి, రాయి చేసి దాచడం ఆవిడ పని. అవ్వ ఒళ్ళో ఒక్క ఎముక ఉన్నా చాలు, ఆ జాతి పోయినా పేరు నిలిచినట్టే. సొరల మెత్తెముకలు మాత్రం అవ్వ చేతికి అందేలోపే నీళ్ళలో కలిసిపోయేవి.

ఆ కాలంలోనే కరుకమ్మ అనే ఆడసొర ఉండేది. ఒళ్ళు పడవంత, నోరు గుహంత. ఆమె జాతి పళ్ళ అందమే వేరు. వెడల్పాటి పన్ను, అంచు రంపంలా ఉంటుంది, దాని మొదలు దగ్గర అటొకటి ఇటొకటి చిట్టి పిల్లపళ్ళు, అమ్మ కొంగు పట్టుకున్న కవలల్లాగా. అలాంటి పన్ను మరే సొరకూ లేదు.

ఏం లాభం? నీళ్ళు చల్లబడ్డాయి. వాళ్ళు తినే జంతువులన్నీ ఎటో వెళ్ళిపోయాయి. కరుకమ్మ వాళ్ళంతా ఆకలికి ఒక్కొక్కరే రాలిపోయారు. చివరికి ఆమె చెల్లెలూ పోయింది. చూస్తుండగానే చెల్లెలి ఒళ్ళు కరిగిపోయింది. నోట్లో ఉన్న ఆ కాసిని పళ్ళనూ సముద్రుడు రాళ్ళకేసి నూరి ఇసక చేశాడు.

కరుకమ్మకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది.

"ఇక నువ్వొక్కదానివే మిగిలావు" అన్నాడు సముద్రుడు. "నువ్వూ పోతే మీ జాతంటూ ఒకటుండేదని చెప్పుకునేవాళ్ళే ఉండరు. ఎముకలు వద్దన్నది మీరేగా!"

"వద్దన్నది ఎముకలు. పేరు వద్దనలేదు!"

"పేరు నిలవాలంటే గట్టిదేదైనా ఉండాలే పిచ్చిదానా. నీ దగ్గరేముంది?"

కరుకమ్మ గుహంత నోరు బార్లా తెరిచింది. "ఇవి లేవూ?"

తెరిచిన నోరు తెరిచినట్టే వెళ్ళి, ఎదురుగా ఉన్న బండకేసి ఫట్టున కొట్టింది. పక్కనే ఈదుతున్న వేరే జాతి సొర, సూదిపంటి సొర అదిరిపడింది.

"నీకేమైనా మతిపోయిందా వదినా? కొడితే కొట్టావు, కాస్త నున్నటి రాయైనా చూసుకోకూడదూ!"

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం మరదలా!" అని కరుకమ్మ మళ్ళీ కొట్టింది.

ఊడిన పన్ను మెల్లగా కిందికి దిగింది. బురదవ్వ చెయ్యి చాచింది. ఇంతలో సముద్రుడు ఒక్క కెరటంతో దాన్ని లాక్కుని పిండి చేసేశాడు. రెండోది వదిలింది, అదీ పిండే. అలా వదిలి వదిలి కరుకమ్మ నోరు బోసిపోయింది. ఒక్క పన్ను కూడా అవ్వకు అందలేదు.

"ఓహో, బోసినోటి సొర! ఏం తింటావే ఇప్పుడు? పాచి నాకుతావా?" అని సముద్రుడు ఒడ్డు దద్దరిల్లేలా నవ్వాడు.

ఆకలితో నీరసించి కరుకమ్మ బురదవ్వ ఒళ్ళో పడింది. అయినా తల మాత్రం దించలేదు.

"తల్లీ, ఆయన చేతులు పెద్దవి. నా చేతులు నిదానం" అంది అవ్వ. "ఆయన ఏరలేనన్ని వదిలితే, నాకొకటైనా దక్కుతుంది."

"ఇంకెక్కడున్నాయవ్వా నాకు పళ్ళు?"

అవ్వ జాలిపడి ఆమె వీపు నిమిరింది. నిమిరి, చెయ్యి వెనక్కి లాక్కుంది. "అబ్బ! ఒళ్ళా ఇది, ఆకురాయా? చెయ్యి గీరుకుపోయింది కదే!"

కరుకమ్మ చటుక్కున వెనక్కి తిరిగి తన ఒళ్ళు తాను చూసుకుంది. చర్మమంతా ఇసుకరేణువంతేసి ముళ్ళు. దగ్గరగా చూస్తే, ఒక్కో ముల్లూ ఒక్కో బుల్లి పన్ను!

"ఓసి నా ఒళ్ళు బంగారం గానూ! ఇన్ని పళ్ళు వీపున మోసుకుంటూ బోసినోరని కుమిలిపోతున్నానా?" అంది. తర్వాత తన చర్మాన్నే గదిమింది. "రండి లోపలికి! వరసగా నిలబడండి! ముందున్నది ఊడితే వెనకున్నది రావాలి. అది ఊడితే దాని వెనకది రావాలి. నేను పోయేదాకా ఆగకూడదు!"

పెదవి మీదుగా ముళ్ళు నోట్లోకి నడిచాయి. చిగుళ్ళ వెనక వరస మీద వరసగా పెరిగాయి. రంపపు అంచుతో, పిల్లపళ్ళతో, అచ్చం ఆమె జాతి పళ్ళే!

ఇక చూడాలి కరుకమ్మ జోరు. గట్టిదా మెత్తదా అని చూడకుండా కొరికింది. కొరికిన చోటల్లా పన్ను వదిలింది. సముద్రుడు ఇటు పరిగెత్తితే అటు, అటు పరిగెత్తితే ఇటు. ఆయనకు ఆయాసం వచ్చింది.

"ఆపవే!" అని అరిచాడు.

"నా నోరు, నా పళ్ళు. నువ్వెవరు ఆపమనడానికి?"

మరదలు సూదిపంటి సొర సిగ్గుపడుతూ దగ్గరికొచ్చింది. పళ్ళు చదునుగా ఉండే చప్పిడిపళ్ళ సొరా వచ్చింది. "మాకూ నేర్పవూ?" అన్నాయి.

"నేర్పుతాను. కానీ సూది సూదిలాగే ఉండాలి, చప్పిడి చప్పిడిలాగే ఉండాలి. నావి బాగున్నాయని మార్చుకున్నారో, రేపు ఎవరిది ఏ పన్నో తెలిసి చావదు!"

చివరికి కరుకమ్మా పోయింది. సముద్రుడు ఆమె ఒంటిని ఒక్క పేగు మిగలకుండా కరిగించాడు. దొరికిన పళ్ళన్నీ నూరాడు. దొరకనివి అవ్వ ఒళ్ళో ఉన్నాయి.

యుగాలు గడిచాయి. సముద్రుడు వెనక్కి తగ్గాల్సివచ్చింది. అవ్వ ఒడి పైకి లేచి కొండయింది. ఒకరోజు ఆ కొండ మీద, రాళ్ళలో పాత ప్రాణుల్ని వెతికే తిలోత్తమ ఒక రాయి పగలగొట్టింది. లోపల నల్లగా నిగనిగలాడుతూ ఒక పన్ను.

"ఏంటమ్మాయ్ అది?" అంది మేకలు కాస్తున్న పైడితల్లి.

"సొరపన్ను పిన్నీ. ఇప్పుడున్న సొరల్లో ఎవరిదీ కాదు. ఈ రంపం చూడు, పక్కన ఈ పిల్లపళ్ళు చూడు. ఇలాంటి సొరలు వేరే ఉండేవి."

"ఉండేవా?"

"ఉండేవి!"

కొండ కింద సముద్రుడు ఆ మాట విన్నాడు. ఉక్రోషం పట్టలేక బండల్ని ఫెడీ ఫెడీమని బాదాడు. బాదితే ఏం, మాట బయటికొచ్చేసింది!

అదుగో, అప్పటినుంచే సొరచేపకు ఒక పన్ను ఊడితే వెనకే ఇంకోటి తయారుగా ఉంటుంది, బతికినన్నాళ్ళూ. అప్పటినుంచే ఒళ్ళంతా కరిగిపోయినా పన్ను మాత్రం రాయై నిలిచి, నేను ఫలానా సొరనని ఈనాటికీ చెబుతుంది.