రెండో డబ్బాలో మట్టి

అనగా అనగా, సైకిళ్ళు కొత్తగా ఊళ్ళోకి వచ్చి గాడిదలకు కాస్త విశ్రాంతి దొరికిన రోజుల్లో, మన్నువలస అనే ఊళ్ళో ఎరకమ్మ అనే కుమ్మరామె ఉండేది. ఆమెకు ఒక్కతే అక్క, పైడమ్మ; పెళ్ళికి ముందు ఇద్దరూ కలిసే కుండలు చేసేవారు. ఆ అక్క గట్టు మీది, అంటే కొండ మీది ఊరికి కాపురానికి వెళ్ళింది. మోకాళ్ళు పట్టేసి, ఎనిమిదేళ్ళుగా గట్టు దిగలేదు.

ఒకనాడు సంతకు వచ్చినవాళ్ళ చేత అక్క కబురు పంపింది. "సెల్లీ, మన కుండలో నీళ్ళు ఒక్కసారి తాగాలనుందే."

ఆ మాట విన్నప్పటినుంచి ఎరకమ్మకు అన్నం సయించలేదు. మంచి కుండ ఒకటి చేసి, కాల్చి, సైకిలు వెనక కొబ్బరితాడుతో బిగించి బయలుదేరింది. మొదటి గోతిలోనే కుండ పెంకులైపోయింది. వట్టి చేతులతో అక్క గుమ్మం ఎలా తొక్కను అనుకుని, ఏడ్చుకుంటూ వెనక్కి వచ్చేసింది.

మళ్ళీ ఇంకో కుండ చేసింది. ఈసారి కిరాణా కొట్టువాడు పారేసిన నూనెడబ్బా తెచ్చింది. పైరేకు కోసి, చేతులు తెగకుండా అంచులు లోపలికి మడిచి, అడుగున గడ్డి పరిచి కుండ దించింది. డబ్బాను పాత ట్యూబు ముక్కలతో సైకిలుకు ఒక పక్కన కట్టింది. మలుపు దగ్గర సైకిలు ఆ పక్కకే ఒరిగి, కుండతో సహా బోర్లా పడింది. ఆ కుండా పగిలిపోయింది.

ఎరకమ్మ పాకలో కూలబడి, "నా అక్క దాహం తీర్చే రాత నాకు లేదు" అని వలవలా ఏడ్చింది.

"తల్లీ, ఇన్నేళ్ళలో నా వీపు మీద ఒక పక్కే బరువు కట్టావా ఎప్పుడైనా?" అంది పాకలో ఓ మూల కట్టేసి ఉన్న, గట్టెక్కే ఓపిక లేని ముసలి గాడిద. గాడిద మాట్లాడుతుందా అని అడక్కండి. ఇరవై ఏళ్ళు మీ కుండలు మోస్తే మీతోనూ మాట్లాడుతుంది.

"మోసేది ఒక్క కుండే గదే! రెండో పక్క దేనికి?"

"కుండకు అక్కర్లేదు. దారికి కావాలి."

ఎరకమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. మూడో కుండ చేసి, కాల్చి, మొదటి డబ్బాలో దించింది. రెండో డబ్బా తెచ్చి రెండో పక్కన కట్టింది. తూకానికి రాళ్ళు వేయబోయి ఆగింది. అక్క ఇంటికి రాళ్ళు మోసుకెళ్ళడమా! చెరువుగట్టు నుంచి బంకమట్టి తవ్వి, కుండంత బరువు వేసి, తడిగుడ్డ కప్పింది.

మూడోసారి సైకిలు ఒరగలేదు. ఎక్కుడు దారంతా నడిపించుకుంటూ, సాయంత్రానికి గట్టెక్కింది.

అక్క కుండలో నీళ్ళు పోసుకుని, కళ్ళు మూసుకుని తాగింది. తర్వాత రెండో డబ్బా చూసి, "అందులో ఏటే?" అంది.

"ఏం లేదక్కా, తూకానికి ఏసిన మట్టి."

పైడమ్మ తడిగుడ్డ తీసింది. రెండు చేతులూ మణికట్టు దాకా మట్టిలోకి దించి, అలాగే ఉండిపోయింది. కన్నీళ్ళు టపటపా డబ్బాలోకి రాలాయి.

"కుండైతే అడిగాను గానీ, మట్టి అడగడానికి నోరు రానేదే సెల్లీ. మట్టి కోసం ఎవుర్ని గట్టెక్కమంటాను? ఎనిమిదేళ్ళుగా ఈ చేతులు దీని కోసమే కొట్టుకుంటున్నాయి."

ఎరకమ్మ అక్క పక్కనే కూర్చుని, తనూ చేతులు మట్టిలో పెట్టింది.

పిల్లలూ, మనసులోని కోరికలో నోరు తెరిచి అడిగేది సగమే. అడగలేని రెండో సగాన్నీ మోసుకువెళ్ళేవారే అయినవారు.