ఏడు సముద్రాలు దాటిన పావురం

అనగా అనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు, ఆ రాజ్యానికి ఒక పెద్ద కరువు.

ఆ కరువులోనే ధూమకేశుడనే మాంత్రికుడు పొరుగు రాకుమారి నవమల్లికను ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల కోటలో దాచాడు. పౌర్ణమికి తాళి కడతానని చాటించాడు. చిన్న రాకుమారుడు సోమకేతుడికి నవమల్లిక అంటే ప్రాణం. వెళ్ళి తెస్తానన్నాడు. అన్నలూ బయల్దేరారు.

కొట్లో మిగిలిన జొన్నలు రాజు ముగ్గురికీ సమంగా పంచాడు. "దారిబత్తెం ఇదే నాయనా. ఇంక గింజ లేదు."

పెద్దవాడు కొండంత గద్దనెక్కాడు. అది పాముల్ని తప్ప ముట్టదు. అందుకని జొన్నలు ఎలకలకి వేశాడు, ఎలకల్ని పాములకి వేశాడు, పాముల్ని గద్దకి వేశాడు. రెండోవాడు గుడ్లగూబనెక్కి, జొన్నలు ఎలకలకీ, ఎలకల్ని గుడ్లగూబకీ వేశాడు. సోమకేతుడు పెద్ద పావురాన్నెక్కి, జొన్నలు దానికే పెట్టాడు.

"పావురమా! పౌరుషం ఉన్నవాడు వేటాడే పక్షినెక్కుతాడురా తమ్ముడూ!" అని అన్నలు పగలబడి నవ్వారు.

నవ్వు ఎంతసేపు? రెండో సముద్రం మీద గద్ద సోలిపోయి ఒక దీవిలో కూలబడింది. నాలుగో సముద్రం మీద గుడ్లగూబ ఇంకో దీవిలో కూలబడింది. పావురం మాత్రం రెక్క ఆపలేదు.

"అందరివీ అవే జొన్నలు కదా, ఇదేం వింత?" అన్నాడు సోమకేతుడు.

"వింతేముంది బాబూ! ఎలక తిన్నదాంట్లో బలం చాలావరకు దాని పరుగులకీ, ఒంటి వేడికీ పోతుంది. పాముకి దక్కేది కొంచెం. గద్దకి ఆ కొంచెంలో కొంచెం. నాకు గింజ నేరుగా అందింది" అంది పావురం.

ఏడో సముద్రం దాటాక గుప్పెడు జొన్నలు మిగిలాయి. కోటలో నవమల్లిక ఎదురొచ్చింది. "వాడి ప్రాణం ఆ పంజరంలో చిలకలో ఉంది. బలం రావాలని దానికి పులిమాంసం పెడుతున్నాడు, వెర్రివాడు! పాపం, అది ముట్టడమే లేదు."

సోమకేతుడు పంజరం తెరిచి గుప్పిట విప్పాడు. ఎముకల గూడులా ఉన్న చిలక ఎగిరొచ్చి అరచేతిలో వాలింది. ఆవురావురుమని తిని, "ఇన్నాళ్ళకి నా తిండి పెట్టావయ్యా! ఇక నీ మాటే నా మాట" అంది.

మాంత్రికుడు పరిగెత్తుకొచ్చి కాళ్ళమీద పడ్డాడు. "నా ప్రాణం నీ చేతిలో ఉంది, చంపకు ప్రభూ!"

"చంపను. నీ మంత్రదండం సముద్రంలో పారెయ్" అన్నాడు సోమకేతుడు. వాడు పారేశాడు. చిలక తుర్రుమని అడవిలోకి ఎగిరిపోయింది.

కోటలో దొరికిన గింజలు కడుపునిండా తిని, దారిలో అన్నల్ని కూడా ఎక్కించుకుని పావురం ఇల్లు చేరేసరికి, చినుకులు పడుతున్నాయి. కరువు తీరింది, పెళ్ళి జరిగింది, నవమల్లికా సోమకేతుడూ ముసలివాళ్ళయ్యేదాకా చల్లగా రాజ్యమేలారు.

మాంత్రికుడా? గుప్పెట్లో గింజలు పట్టుకుని, "తినవే తల్లీ, ఒక్క గింజ తినవే" అంటూ ఆ చిలక వెనకాల ఇప్పటికీ పరిగెడుతూనే ఉన్నాడు.